ఆ ఓటు పెట్టె ఇప్పుడే తెరవకండి

అలాన్ గగ్లోయెవ్ గారికి,
దక్షిణ ఒసేతియా అధ్యక్షులు,
త్స్ఖిన్వాలి.

గగ్లోయెవ్ గారూ,

ఖమ్మం నుంచి రాస్తున్నాను. సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని. మీకూ నాకూ ఏ బంధుత్వమూ లేదు. మీ ఊరు నేను చూడలేదు. రష్యా వైపు నుంచి వద్దామంటే జార్జియా చట్టం నేరమంటుంది, జార్జియా వైపు నుంచి వద్దామంటే దారి లేదు. కానీ మీ పొలిమేర దాకా వచ్చాను. అక్కడ విన్న మాట ఒకటి తిరిగొచ్చాక కూడా నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా మనవరాలు టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. మా తెలుగు రాష్ట్రాల పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. కిందటేడు దాన్ని చూడ్డానికి వెళ్తే, ఒక ఆదివారం నన్ను గోరికి తీసుకెళ్లింది. స్టాలిన్ పుట్టిన ఊరు కదా, చరిత్ర పాఠాలు చెప్పిన తాతకు చూపించాలని దాని సరదా. హైవే మీద కొంతదూరం పోయాక కిటికీలోంచి ఒక వింత కాలనీ కనిపించింది. ఒకే రకం గోడలు, ఒకే రంగు పైకప్పులు, వరుస వెనక వరుస, మొత్తం రెండు వేల ఇళ్ల దాకా. మా దగ్గర ముంపు గ్రామాల వాళ్లకు కట్టించే పునరావాస కాలనీలు ఎరిగిన కళ్లకు అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. త్సెరొవాని దాని పేరు. 2008 యుద్ధంలో మీ అఖల్గోరి ప్రాంతం నుంచి వచ్చేసిన జార్జియన్లకు ఆ ఏడాదే కట్టించారట. మీరు ఆ ఊరిని లెనింగోర్ అంటారు.

రోడ్డు పక్కన ఒక ముసలమ్మ చుర్చ్‌ఖేలాలు అమ్ముతోంది. అక్రోటు పప్పును దారానికి గుచ్చి, పిండి కలిపి కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. చూస్తే వేలాడదీసిన కొవ్వొత్తుల గుత్తిలా ఉంటాయి. మనవరాలు వార్డుల్లో రోగులతో మాట్లాడ్డానికి నేర్చుకున్న జార్జియన్‌తో "బెబియా" అని పలకరించింది. అంటే అమ్మమ్మా అని. మాట కలిసింది. ఆమెది అఖల్గోరి పక్కన పల్లె. చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. చూసి వస్తుంటారా అని అడిగించాను. ఆమె రెండు చేతుల వేళ్లూ విప్పి చూపించింది. నెలలో పది రోజులే గేటు తీస్తారట, 20వ తేదీ నుంచి 30 దాకా. "మాకు చావులు కూడా తేదీ చూసుకుని రావాలి బాబూ" అంది నవ్వుతూ. మనవరాలు ఆ మాటను తెలుగులో చెప్పడానికి కాసేపు తటపటాయించింది.

న్యాయంగా మాట్లాడాలి. 2019 సెప్టెంబరులో పూర్తిగా మూసేసిన ఆ గేటును 2022 ఆగస్టులో ఆ పది రోజులకైనా తెరిపించింది మీరే. అంతకు మూడు నెలల ముందు ఇంకో గేటును మూయించిందీ మీరే. ఈ రెండో పని గురించే నేను రాయాలనుకున్నది.

2022 మార్చి 30న మీ ముందటి అధ్యక్షుడు అనతోలి బిబిలోవ్ గారు రష్యాలో చేరతామని ప్రకటించారు. మే 8న ఎన్నికల్లో మీ చేతిలో ఓడిపోయారు. ఓడాక, కుర్చీ దిగే లోపల, జులై 17న ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని ఉత్తర్వు మీద సంతకం పెట్టి వెళ్లారు. ఇల్లు ఖాళీ చేస్తూ పొయ్యి మీద ఎసరు పెట్టి పోయినట్టు. మీరు వచ్చిన వారంలోపే ఆ ఉత్తర్వును నిలిపేశారు. రష్యాతో సంప్రదించకుండా, రష్యా ప్రయోజనాలకు సంబంధించిన విషయాన్ని ఏకపక్షంగా తేల్చకూడదన్నది అప్పుడు మీరు చెప్పిన కారణం.

పని మంచిది, కారణం సరిపోదు. మాస్కో సరేనన్న రోజున ఆ కారణం పోతుంది, ఓటు పెట్టె మళ్లీ బయటికొస్తుంది. నా మనవి ఒక్కటే. ఆ ఓటును ఆపడానికి మీ జనం తరఫున ఒక కారణం చెప్పండి. అలాంటి కారణం ఉంది. ఈ ఓటు ఒక్కసారే వేయగలిగింది. వేశాక తిరిగి తీసుకునే దారి లేదు. పైగా దాన్ని వేయాల్సిన వాళ్లలో సగం మంది ఊళ్లోనే లేరు.

మీ జనం పడ్డ బాధ తెలియక ఇది రాస్తున్నానని అనుకోకండి. 1922 నుంచి మీకున్న స్వయంప్రతిపత్తిని 1990 డిసెంబరులో గమ్సఖుర్దియా నాయకత్వంలోని జార్జియా చట్టసభ ఒక్క తీర్మానంతో రద్దు చేసింది. ఆ తర్వాత త్స్ఖిన్వాలిని ముట్టడించారు. శవాన్ని శ్మశానం దాకా మోసుకెళ్లే దారి కూడా లేక ఐదో నంబరు బడి ఆవరణలోనే పాతిపెట్టుకున్నారు మీవాళ్లు. జీవితమంతా బడుల్లో గడిపిన వాణ్ని. పిల్లలు ఆడుకునే జాగాలో సమాధులు లేచాయంటే ఆ ఊరు ఎంత నలిగిందో నాకు వేరే పుస్తకం చెప్పక్కర్లేదు. 2008 ఆగస్టు 7 రాత్రి మీ పట్టణం మీద పడిన గుండ్లకు చట్టబద్ధమైన సమర్థన లేదని, హైడీ తల్యావీని నాయకత్వంలో యూరోపియన్ యూనియన్ వేసిన కమిటీయే 2009లో తేల్చింది. రష్యాకు దారితీసే రోకి సొరంగం అవతల ఉన్నది మీ రక్తమే. ఉత్తర ఒసేతియాలోని వ్లాదికవ్‌కాజ్‌లోనూ అదే భాష, అవే నార్ట్ వీరుల కథలు, బల్ల మీద అవే మూడు రొట్టెలు. సోవియట్ కాలంలో ఒక జాతిని రెండు రిపబ్లిక్కుల్లో పెట్టి పోయారు. కలిసిపోవాలన్న కోరికలో తప్పు పట్టడానికేమీ లేదు.

అయితే అదే కమిటీ మరో రెండు మాటలు కూడా రాసింది. రష్యా ప్రతిదాడి ఆత్మరక్షణ హద్దు దాటిందని ఒకటి. జార్జియన్ల మీద జాతి ప్రక్షాళన జరిగిందని ఇంకొకటి. త్స్ఖిన్వాలికి దగ్గర్లోనే ఉన్న తమరషేని, కుర్తా, కెఖ్వి, అచబేతి ఊళ్లను తగలబెట్టింది ఆ వేడిలోనే. వెళ్లిపోయిన వాళ్లను తిరిగి రానివ్వకపోవడం గురించి 2021 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా రష్యాను తప్పుపట్టింది. బడి ఆవరణలోని సమాధులు నిజం, కాలిన ఊళ్లు కూడా నిజం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయించుకోలేం.

ఇప్పుడు ఓటు సంగతి. మీవాళ్లకు ఓటు కొత్త కాదు. 1992 జనవరిలో స్వాతంత్ర్యానికి, రష్యాలో చేరడానికి ఓటేశారు. 2006 నవంబరులో మళ్లీ స్వాతంత్ర్యానికి వేశారు. 2011లో రష్యన్‌ను రాజభాష చేయడానికి, 2017లో పేరుకు 'అలానియా' చేర్చుకోవడానికి వేశారు. మొదటి రెండింటిలో 98 శాతానికి పైగా అవునన్నారు. పంచాయతీ వార్డు ఎన్నికల్లో కూడా అంత ఏకాభిప్రాయం నేను చూడలేదు. ఆ అంకె నాకు చెప్పేది ఒకటే, కాదనేవాళ్లు లైన్లోనే నిలబడలేదని.

లైన్లో లేనివాళ్లెవరు? 1989 జనాభా లెక్కల్లో మీ దగ్గర 98,527 మంది. వాళ్లలో పదిమందికి ముగ్గురు జార్జియన్లు. 2015 లెక్కల్లో మొత్తం 53,532. అంటే మా వైపు ఒక మండలంలో ఉండే జనం. అందులో జార్జియన్లు నాలుగు వేల లోపు. తగ్గింది వాళ్లొక్కరే కాదు, ఒసేతియన్లు కూడా పదిహేను వేలకు పైగా తగ్గారు. రోకి సొరంగం దాటి ఉత్తరానికి చదువుకో, పనికో పోయిన పిల్లలు చాలామంది తిరిగి రాలేదు. ఇవి కాక, ఆ రోజుల్లో జార్జియాలోని మిగతా ఊళ్లలో దాదాపు లక్షమంది ఒసేతియన్లు ఉండేవారు. 1991 గొడవల్లో వాళ్లలో ఎందరో ఇళ్లు వదిలి ఉత్తరానికి పారిపోయారు. రేపు ఓటు పెడితే అందులో వాళ్ల ఇంటి సంగతి ఎవరు అడుగుతారు? పొలం పంచుకునేటప్పుడు ఊళ్లో లేని అన్నదమ్ముడి కోసం ఆగడం మాలో ఉంది. మీ కొండల్లో కూడా ఉండే ఉంటుంది.

సరే, ఉన్నవాళ్లే వేశారనుకుందాం. చేరితే కొత్తగా ఏమొస్తుంది? 2015 మార్చి 18న పుతిన్ గారితో కుదిరిన ఒప్పందంతో మీ సైన్యం, మీ సరిహద్దు కాపలా, మీ కస్టమ్స్ చాలావరకు రష్యాతో ముడిపడ్డాయి. పాస్‌పోర్టులు అప్పటికే చేతుల్లో ఉన్నాయి. పింఛన్లు అటునుంచే. బడ్జెట్‌లో సింహభాగం అటునుంచే. సొరంగం తెరిచే ఉంది. పెళ్లికి వెళ్లాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా వ్లాదికవ్‌కాజ్ ఇప్పటికే మీ ఊరే. కలవడం వల్ల వచ్చేవి చాలావరకు కలవకుండానే వచ్చేశాయి.

ఇక పోయేదేమిటో చూడండి. ముందుగా పోయేది మీ కుర్చీ. కుర్చీ అంటే మీరొక్కరు కూర్చునేది అనుకోకండి, దాన్ని ఇచ్చే హక్కు మీ ఓటర్లది. 2011లో మాస్కో మొగ్గు బిబిలోవ్ గారి వైపుందని అందరికీ తెలుసు. అయినా మీవాళ్లు అల్లా జియోయెవాకు ఎక్కువ ఓట్లేశారు. కోర్టు ఆ ఫలితాన్ని కొట్టేసింది, అది వేరే సంగతి. 2022లో అధికారంలో ఉన్న అదే బిబిలోవ్ గారిని దించి మిమ్మల్ని ఎక్కించారు. ప్రపంచం దాదాపుగా గుర్తించని చోట, పొరుగు సైన్యం నీడలో, అధ్యక్షుణ్ని ఓటుతో ఇంటికి పంపారంటే ఆ జనానికి దండం పెట్టాలి. సొరంగం అవతల ఉత్తర ఒసేతియాలో ఈ వీలు లేదు. అక్కడి అధిపతిని జనం నేరుగా ఎన్నుకోరు. రష్యా అధ్యక్షుడు పంపిన పేర్లలోంచి అక్కడి పార్లమెంటు ఒకరిని ఎంచుతుంది. రేపు రెండూ కలిసి ఒకటైతే మిమ్మల్ని గెలిపించినటువంటి ఎన్నిక మీ మనవలకు ఉండదు.

రెండోది భాష. 1938 నుంచి 1954 దాకా మీ పిల్లలు ఒసేతియన్‌ను జార్జియా లిపిలో రాశారు, సొరంగం అవతలి పిల్లలు రష్యా లిపిలో రాశారు. లిపి ఎవరి చేతిలో ఉంటే బడి వాళ్లదని మీకు అప్పుడే తెలిసింది. 2018లో రష్యా చట్టం మార్చి, రిపబ్లిక్కుల సొంత భాషలు బడిలో ఇష్టమైతేనే చదవొచ్చంది. ఇష్టమైతేనే అన్న మాట బడిలో ఎలా పనిచేస్తుందో టీచరుగా నాకు తెలుసు. పరీక్షలో లేని పాఠాన్ని పుస్తకంలో కూడా ఎవరూ తెరవరు.

మూడోది యుద్ధం. 2022 మార్చిలో ఉక్రెయిన్‌కు వెళ్లిన మీ కుర్రాళ్లు వందల మంది అక్కడ చూసింది చాలనుకుని తమంతట తామే తిరిగొచ్చేశారు. వాళ్ల మీద నిందలు పడ్డాయి కానీ, ఇంటికి రాగలిగారు. ఆ ఏడాది సెప్టెంబరులో రష్యా పాక్షిక సమీకరణ ప్రకటించినప్పుడు వ్లాదికవ్‌కాజ్ నుంచి లార్స్ గేటు దాకా కిలోమీటర్ల కొద్దీ కార్లు నిలిచిపోయిన దృశ్యం టీవీలో మేమూ చూశాం. రష్యా కుర్రాళ్లు పారిపోయింది ఎటు? జార్జియా వైపు. మీరు ఏ ఇంట్లో చేరాలని ఓటు పెట్టబోయారో, ఆ ఇంటి పిల్లలు మీరు వదిలొచ్చిన ఇంటికి పరుగెత్తారు.

అన్నిటికంటే బరువైనది నాలుగోది. 2020లో రష్యా రాజ్యాంగానికి చేసిన సవరణ, దేశంలోంచి ఏ భూభాగాన్నీ వేరు చేసే పనిని, అలా చేద్దామని పిలుపునివ్వడాన్ని కూడా నిషేధించింది. అలాంటి పిలుపు అంతకుముందు నుంచే అక్కడ నేరం, జైలు శిక్ష ఉంది. అంటే, చేరదాం అని ఈ రోజు త్స్ఖిన్వాలి వీధిలో ఒకడు అరవొచ్చు. చేరాక పదేళ్లకు, తప్పు చేశాం, విడిపోదాం అని అదే వీధిలో ఇంకొకడు అంటే జైలు దాకా పోవాల్సి రావచ్చు. ఒక తరం వేసిన ఓటుతో తర్వాతి తరాలన్నిటి నోటికీ తాళం పడుతుంది. దాన్ని స్వయం నిర్ణయాధికారం అని పాఠంలో ఎలా చెప్పను?

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మాది మీ కథ కాదు. సైన్యాల దాకా, సరిహద్దుల దాకా పోయిన పేచీ కాదు, ఒకే దేశంలో రెండు ప్రాంతాల కలయిక. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను వెంటనే ఆంధ్రలో కలపొద్దంది. 1961 ప్రాంతంలో ఎన్నికలు జరగనివ్వండి, ఆ సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపండి అంది. ఆగలేదు. పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని 1956 నవంబరు 1న కలిపేశారు. రాసుకున్న హామీలు అమలు కాలేదన్న కోపం పన్నెండేళ్లకు అప్పటి మా ఖమ్మం జిల్లాలోనే, పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర రాజుకుంది. నాకప్పుడు పన్నెండేళ్లు. బడి నెలల తరబడి మూతపడింది. కాల్పుల్లో పోయిన పిల్లల్లో మాకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు ఉన్నారు. చివరికి 2014 జూన్ 2న విడిపోయాం. అటువాళ్లకూ ఇటువాళ్లకూ ఇంకా ఎన్నో లెక్కలు తేలలేదు కానీ, విడిపోవాలని అడగడం నేరం కాలేదు. రాజ్యాంగంలో మూడో అధికరణం అనే తలుపు ఉంది. దాదాపు అరవై ఏళ్లు తట్టాల్సి వచ్చినా, తలుపంటూ ఉంది. తొందరపడి కలిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. తలుపు లేకుండా కలిస్తే ఏమవుతుందో ఊహించడానికే భయమేస్తుంది.

జార్జియా వైపు తప్పు లేదని దీనర్థం కాదు. మిమ్మల్ని రష్యా చేతుల్లోకి నెట్టిన పనుల్లో సగం టిబిలిసివే. 2004లో ఎర్గ్నేటి సంతను మూసేయడమే చూడండి. 1992లో ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టిన వాళ్లు, త్స్ఖిన్వాలి పొలిమేరలోని ఆ సంతలో పక్కపక్కన నిలబడి బేరాలాడుకున్నారు. దొంగ సరుకు నడిచిందన్నది నిజమే. కానీ దౌత్యవేత్తలు చేయలేని పని ఆ సంత చేసింది. అప్పటి జార్జియా అధ్యక్షుడు సాకాష్విలి ప్రభుత్వం దాన్ని మూయించాక నాలుగేళ్లకు గుండ్లు పేలాయి. 2024 సెప్టెంబరులో జార్జియా పాలక పక్షం నాయకుడు బిద్జినా ఇవానిష్విలి గోరిలో మాట్లాడుతూ ఒసేతియన్లకు క్షమాపణ చెబుతామన్నారు. ఎన్నికల ముందు మాట అని కొట్టిపారేసినవాళ్లు అక్కడే చాలామంది. కావచ్చు. కానీ ఆ నోటి నుంచి ఆ మాట వచ్చిందా లేదా? వచ్చిన మాటను పట్టుకుని, చెప్పు మరి అని అడగాల్సింది మీరు. చేరిపోయాక అడగడానికి మీరంటూ ఉండరు. ఒక రష్యా జిల్లాకు ఎవరూ క్షమాపణ చెప్పరు.

జార్జియాలో తిరిగి కలవమని నేను అడగడం లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీ జనం, త్సెరొవానిలో ఉన్నవాళ్లతో కలిసి. నేనడిగేది ఆ ప్రశ్నను బతికుండనివ్వమని. మీ పక్షం పేరు నిఖాస్. ఊరి పెద్దలు కూర్చుని తగువులు తీర్చే చోటు అని దానర్థమట. మా దగ్గర రచ్చబండ అంటాం. రచ్చబండ మీద తీర్పు చెప్పే ముందు రెండు వైపుల వాళ్లనూ పిలుస్తారు. రానివాడి కోసం కబురు పంపుతారు. ఆ పేరు పెట్టుకున్న మీకు నేను చెప్పేపాటి వాణ్ని కాను.

పెద్ద పనులు మీ చేతిలో లేకపోవచ్చు. ముళ్లకంచె వేసింది రష్యా బలగాలు. ఖుర్వాలేటిలో ఒక ముసలాయన ఇల్లు కంచెకు అటువైపు ఉండిపోతే, కంచె దగ్గరికొచ్చిన వాళ్లతో తీగల మధ్య నుంచి మాట్లాడుతూనే చివరి రోజులు గడిపాడు. ఆ కంచె తీయించడం మీ వల్ల కాదని నాకూ తెలుసు. కానీ అఖల్గోరి గేటు మీద తేదీలు వేసింది మీరు. పదిని ముప్పై చేయొచ్చు. లియాఖ్వి నది త్స్ఖిన్వాలి మీదుగా గోరికే పారుతోంది. కృష్ణా నీళ్ల పంచాయితీ తెలిసినవాళ్లం, ఒకే నది నీళ్లు తాగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుని మాట్లాడక తప్పదు. ఎర్గ్నేటిలో రెండు వైపుల అధికారుల సమావేశాలు ఇప్పటికే నడుస్తున్నాయి. అదే ఊళ్లో మళ్లీ ఒక సంతకు జాగా దొరక్కపోదు.

మేం తిరిగొస్తుంటే డబ్బులిస్తానన్నా వినకుండా ఆ ముసలమ్మ ఒక చుర్చ్‌ఖేలా ఎక్కువ పెట్టింది. "అది ఇక్కడి ద్రాక్ష. మా ఊరి ద్రాక్షతో చేసినది తినాలంటే 20 తర్వాత రండి" అంది. నేను వెళ్లింది 11వ తేదీన.

ముందు ఆ తేదీలు చెరిపేయండి గగ్లోయెవ్ గారూ. ఓటు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సాంఘికశాస్త్రం టీచరు,
ఖమ్మం.